బాపు అడుగుల వెనుక అవ్వ

పోయిన సోమవారం పొద్దున్నే పక్కింటి కోడలు మా గడపలో నిలబడి, “అక్కా, మా ముసలామె లేస్తలేదు, జర వచ్చి చూడు” అన్నది. వెళ్లాను. నులక మంచం మీద అవ్వ ఒక పక్కకు ఒత్తిగిలి ఉంది. ఎవరైనా ముందు ముఖం చూస్తారు. నేను పాదాలు చూశాను. ఆమె దగ్గర పదమూడేళ్లు నేర్చుకున్న అలవాటు అది. చల్లగా, శుభ్రంగా ఉన్నాయి. జీవితమంతా రాళ్ల నేల మీద గొర్రెలు తోలిన మనిషి మడమల్లో ఒక్క పగులు లేదు.

మాది కట్టంగూరుకు దగ్గరి ఊరు. సగం ఇళ్లు గొర్రెల కాపరులవే. తప్పిపోయిన గొర్రెను దుమ్ములో గిట్టల గుర్తు పట్టుకుని వెతికేవాళ్లు కదా, మనుషుల అడుగులు కూడా వాళ్లకు తెలుసు. “నిన్న మీ మేనమామ వచ్చి పోయిండా?” అని పొద్దున్నే అడుగుతారు. మనం చెప్పకముందే మన ఇంటి సంగతి బయట నేల మీద ఉంటుంది. యూనివర్సిటీ చదువు ముగించుకుని తిరిగొచ్చి, ఊరి బడిలో పంతులమ్మగా చేరిన కొత్తలో నాకది ఒళ్లు జలదరించేలా ఉండేది. అమ్మ అప్పటికే లేదు. ఇంట్లో బాపు, నేను.

కాలికి ఏ బాధ వచ్చినా జనం అవ్వ అరుగు మీదికి వచ్చేవారు. ఆమె మందు పెద్దదేమీ కాదు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, పాత బట్టతో వేళ్ల సందులు ఒక్కొక్కటే తుడిచేది. పగుళ్లకు ఆముదంలో కరిగించిన తేనె మైనం. ఆనెకాయను కత్తితో కోసుకుని వచ్చినవాణ్ని మాత్రం తిట్టి పోసేది. “కాలా, కట్టెనా అది? నానబెట్టి రాయితోని మెల్లగ రుద్దాలెరా!” గొర్రె కాలు ఎత్తి చూసినట్టే మనిషి కాలూ ఎత్తి చూసేది. ఇదంతా వైద్యమేనా అని నాకు అనుమానంగానే ఉండేది. నా చదువు నాకు నేర్పింది ఎక్కువగా అనుమానమే.

ఒక చలికాలం, నాలుగో తరగతి పిల్ల ఒకతి నా కొంగు పట్టుకుని మెల్లగా అడిగింది. “పంతులమ్మా, మీ బాపుకు అడుగులు పడయంట గదా?”

“ఎవరన్నరే?”

“అందరంటున్నరు. మా తాత గూడ చూసిండట. మీ బాపు నడిచిన తొవ్వల ఏముండదట.”

నవ్వి పంపేశాను. మర్నాడు బాపు బావి వైపు వెళ్లి వచ్చాక సందులోకి తొంగి చూశాను. దుమ్ములో కోళ్ల అడుగులున్నాయి, కుక్కవి ఉన్నాయి. బాపువి లేవు. ఆ మర్నాడూ లేవు. ఆ సాయంత్రం ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న బాపు నీడ గోడ మీద పడుతోందా అని చూసుకున్నాను. సైన్సు పాఠం చెప్పే మనిషిని, చూసుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మరునాడు తెల్లవారకముందే తలుపు వెనుక నిలబడ్డాను. బాపు ఎప్పటిలాగే వట్టికాళ్లతో సందు దాటి వెళ్లాడు. కాసేపటికి అవ్వ వచ్చింది. నడుం వంచి, తంగేడు చీపురుతో, వెనక్కి నడుస్తూ, ఆయన అడుగులను, ఆ వెంటనే తన అడుగులను, ఒక్కొక్కటిగా ఊడ్చేస్తోంది. చీపురు చప్పుడు తప్ప ఏమీ లేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

“ఏం చేస్తున్నవవ్వా?”

ఆమె ఉలిక్కిపడలేదు. ఇంకా ఊడ్వని ఒక అడుగు చూపించింది. “చూడు బిడ్డా. ఎడమకాలు. ఒక్క ఏలన్న ఆనిందా? నెల దినాలాయె. గా కాలుకు నేల తెలుస్తలేదు. మావోళ్లు జూస్తే ఏమంటరో ఎరుకేనా?”

ఆ రోగం పేరు ఆమె పలకలేదు. పలకనక్కరలేదు. అంతకు రెండేళ్ల ముందు కాళ్లు మొద్దుబారిన ఒకతన్ని ఊరి బయట గుడిసెలో పెట్టారు. అన్నం దూరాన పెట్టి వచ్చేవారు.

“అదే అయితేనో?” అన్నాను.

“అయితే ఏమాయె? మనిషి గాడా? కని ఊరు నా అసొంటిది గాదు. దయ్యమంటే వాళ్లే దూరం జరుగుతరు. రోగమంటే నిన్ను దూరం జరుపుతరు.”

అంటే ఆ పుకారు ఆమెకు తెలుసు. తెలిసే ఊడుస్తోంది.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి బాపు కాలు ఒళ్లో పెట్టుకుంది.

“ఏందక్కా, నేనేమన్న గొర్రెనా?” అన్నాడు బాపు.

“గొర్రె నయం తమ్మీ, నొస్తే కుంటుతది. నువ్వు కుంటనన్న కుంటలేవు. కండ్లు మూసుకో. ముల్లు ఆనిస్త, చెప్పు.”

బాపు కళ్లు మూసుకున్నాడు. కాసేపాగి, “ఎప్పుడు ఆనిస్తవు?” అని అడిగాడు.

అవ్వ నా వైపు చూసింది. ముల్లు ఆనించి తీసేసి అప్పటికే చాలాసేపైంది. అరికాలి కింద రూపాయి బిళ్లంత కాలిన మచ్చ కూడా ఉంది. కుంపటి దగ్గర ఎప్పుడు కాలిందో ఆయనకే తెలియదు.

నల్లగొండ దవాఖానలో పరీక్ష చేసి, అది మేము భయపడిన రోగం కాదు, చక్కెర జబ్బు అన్నారు. పరుగున వచ్చి అవ్వకు చెప్పాను. “మంచిదాయె బిడ్డా. డాక్టరు నీకు చెప్పిండు. ఊరికి చెప్తె నమ్ముతరా? చెప్పుల గుర్తుల గూడ కాలు ఈడుసుడు కనవడ్తది.” అని చీపురు అందుకుంది. పదమూడేళ్లు ఊడ్చింది. సాయంత్రాలు బాపు కాలి పని నాతో చేయించింది. నీళ్ల వేడి నా మోచేత్తో చూడాలి, ఆయన కాలితో కాదు. ఆముదం అరికాలికే, వేళ్ల సందుల్లో వద్దు. చెప్పులు దులపకుండా తొడగొద్దు. కుంపటి దగ్గరికి పోనే పోవద్దు. ఎంత అలసిపోయినా రోజూ కాలు ఎత్తి చూడాలి. “అది నోరులేని జీవి, నువ్వే చూడాలె” అనేది. ఊరి నుంచి అంతగా దాచాల్సి ఉండిందా, మేమే ఊరిని తక్కువ అనుకున్నామా అని నేను ఎన్నిసార్లు ఆలోచించానో. బాపు రెండు కాళ్ల మీద ఉన్నాడన్నది మాత్రం అనుమానం లేని సంగతి.

సోమవారం పాడె లేచేటప్పుడు బాపు చెప్పులు విడిచాడు. వద్దన్నాను.

“ఊడ్చేటామె పోయింది. ఇగ చూస్తే చూడనియ్” అని పాడె వెంట నడిచాడు.

వెనుక కాపరులు, వాళ్లలో నేను. అందరి చూపూ నేల మీదికి వాలడం నాకు తెలిసింది. మెత్తటి దుమ్ములో వేళ్లు లేని ఎడమ అడుగు, మళ్లీ ఇంకొకటి. ఒక పెద్దమనిషి ఆ అడుగు ముందు ఆగాడు. అర అడుగు పక్కకు జరిగి నడిచాడు. వెనుకవాళ్లూ అలాగే జరిగారు.

అప్పుడు చూశాను. ప్రతి ఎడమ అడుగులో ఒక ఎర్రని చుక్క. ఒక్కొక్కటీ ముందరిదానికంటే పెద్దది. బాపు తలవంచుకుని నడుస్తూనే ఉన్నాడు.

పరుగెత్తి, తొవ్వలోనే మోకాళ్ల మీద కూర్చుని ఆయన కాలు ఒళ్లోకి తీసుకున్నాను. తుమ్మ ముల్లు సగం లోపల విరిగి ఉంది. జనమంతా ఆ అడుగులకు రెండు పక్కలా నిలబడిపోయారు. బాపు పడిపోకుండా నా తల మీద చెయ్యి ఆనించి, ఒంటికాలి మీద, దూరమవుతున్న పాడె వైపే చూస్తూ అడిగాడు.

“ఎందుకాపినవు బిడ్డా?”