మలుపులో విరిగిన బ్లేడ్లు

చేపల చెరువు గట్లు తీయించి మళ్ళీ వరి వేద్దామనుకున్న ఏడాది, సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరూ, దాని వెనక తగిలించి తిరిగే బ్లేడ్లతో నేల దున్నే రోటావేటరూ కొన్నాను. మా ఊరు దెందులూరుకి దిగువన, కొల్లేరు వైపు. ఏళ్ల తరబడి నీళ్ల కింద ఉన్న ఆ నేల ఎండాక రాయిలా బిగిసిపోయింది. రోటావేటర్ దించితే నత్తగుల్లలు పటపటమని విరిగేవి. వాటితో పాటు నా బ్లేడ్లూ విరిగేవి.

విరిగినప్పుడల్లా ఏలూరు తీసుకెళ్లేవాణ్ణి. అక్కడ వెల్డింగ్ షాపు నడిపే ఒక ముస్లిం పెద్దాయన వాటిని అతికి, వంకరపోయినవి కాల్చి సరిచేసి ఇచ్చేవారు. నాలుగోసారి వెళ్లినప్పుడు నాకు విసుగొచ్చి, షాపులో మరో ఇద్దరుండగానే అనేశాను.

"మీ పనిలోనే ఏదో లోపం ఉందండీ."

ఆయన కళ్లద్దాలు తీసి, బ్లేడు విరిగిన చోట బొటనవేలితో తడిమి చూశారు. "అతికిన చోట విరగలేదండీ, పక్కన విరిగింది," అన్నారు మెల్లగా. బ్లేడు పక్కన పెట్టి, "ఇన్నేళ్లుగా ఇవి బాగుచేస్తున్నాను గానీ, చేలో తిరగడం ఎప్పుడూ చూడలేదు. ఒకసారి చూడొచ్చా అండీ?" అని అడిగారు.

శుక్రవారం నమాజు అయ్యాక బస్సెక్కి వచ్చారు. చెప్పులు గట్టు మీద విడిచి చేలోకి దిగారు. నేను తోలడం మొదలుపెట్టాను. ఆయన బండి వెంట నడవకుండా, చేను చివర నేను మలుపు తిప్పే చోట నిలబడ్డారు. మూడోసారి మలుపు తిప్పుతుంటే చెయ్యెత్తారు. బండి ఆపాను.

"ఏవండీ, మలుపులో రోటావేటర్‌ని పైకి లేపడం లేదు మీరు. నేలలో దిగి ఉండగానే పక్కకి లాగుతున్నారు. అది ముందుకి తవ్వే బ్లేడండీ. పక్క నుంచి అంత బరువు పడితే ఎలా ఆగుతుంది?"

ఎవరూ నాకు తోలడం నేర్పలేదు. లేపకుండా తిప్పితే, లివర్ ఎత్తి దించడానికి పట్టే ఆ కాస్త సమయం కలిసొస్తుందనుకునేవాణ్ణి. సీటు మీద కూర్చునే ఉన్నాను. దిగి ఆయన ముందు నిలబడడానికి మొహం చెల్లలేదు.

చివరికి దిగాను. "మీ పని మంచిది కాదని ఊళ్లో కూడా చెప్పానండీ," అన్నాను.

"అయితే ఇదీ చెప్పండి," అన్నారాయన. గొంతులో కోపం లేదు. వంగి తిరగబడిన మట్టి గుప్పెడు తీసి నలిపి చూశారు. పొడిపొడిగా రాలింది. "మా షాపుకి వచ్చే బ్లేడ్లకి ఇది ఎండి అంటుకుని ఉంటుంది. రాయితో గీకి పారేస్తుంటాను. ఇంత మెత్తగా ఉంటుందనుకోలేదు," అన్నారు. ఇంటి దగ్గర డబ్బాల్లో పుదీనా ఉందని చెప్పి ఒక సంచి మట్టి అడిగి తీసుకెళ్లారు.

మర్నాడు పొద్దున టీ హోటల్ దగ్గర జరిగింది చెప్పాను. ఆయన మీద నింద వేసిన రోజు మాట ఎంత తేలిగ్గా వచ్చిందో, ఆ పొద్దున అంత కష్టమైంది. ఒకాయన నవ్వాడు. మిగతావాళ్లు వేరే సంగతిలోకి వెళ్లిపోయారు. నా తప్పు వాళ్లకి పెద్ద వార్తేమీ కాదు.

ప్రతి మలుపులోనూ లేపి తిప్పడం మొదలుపెట్టాక ఆ సీజనంతా బ్లేడు విరగలేదు. దాంతో షాపుకి వెళ్లే పనీ లేకుండా పోయింది. రెండు మూడుసార్లు ఏలూరు వెళ్లి కూడా, ఏ పనీ లేకుండా ఏమని వెళ్లాలని ఆ వీధి దాటి వచ్చేశాను. కోతలయ్యాక మాత్రం కొత్త బియ్యం కొంచెం పట్టుకుని వెళ్లాను. ఆయన స్టూలు జరిపి, టీ తెప్పించి, ఏ బ్లేడూ తేలేదేమని అడగకుండా, పంట ఎలా వచ్చిందని అడిగారు.