ఊరంతటికీ ఒకటే ఫోను నంబరు

నన్ను కోపిష్ఠిదంటారు. అననీ. ఆ కోపమే లేకపోతే ఎల్లారెడ్డి అవతల ఒక పల్లె పాలు ఇప్పటికీ మోరీ పాలయ్యేవి.

నేను కామారెడ్డిలో ఒక పాల కంపెనీ ఆఫీసులో రిపోర్టులు తయారుచేస్తాను. ఎవరు ఎన్ని పాలు పోశారో రోజూ పొద్దున్నే స్క్రీన్ మీద చూపించడం నా పని. ఒక పొద్దున ఆ రిపోర్టులో ఒక ముసలవ్వ పేరు ఎర్రగా వెలిగింది. మహమ్మద్‌నగర్ వెళ్లే దారిలో ఉన్న చిన్న పల్లె ఆమెది. ఆమెకున్నవి రెండు బర్రెలు. రిపోర్టు మాత్రం ఆ రెండూ కలిసి ఊరంత పాలు ఇస్తున్నాయంది. బయటినుంచి పాలు తెచ్చి పోస్తోందని హైదరాబాద్‌లో కూర్చున్న మా పెద్దసారు తేల్చేశారు. విచారణ లేదు, పాడు లేదు. మర్నాటినుంచి పాలబండి ఆ ఊరికే పోలేదు.

నేను భిక్నూర్‌లో బర్రెల మధ్య పెరిగినదాన్ని. ఒళ్లు మండిపోయింది. సెలవు పెట్టి ఎల్లారెడ్డి బస్సెక్కాను.

ఊళ్లోకి వెళ్లేసరికి కిరాణా దుకాణం ముందు ఆడవాళ్లంతా కూర్చున్నారు. ఆ ముందురోజు పాలు విరిగిపోతే పారబోశారట. నేను ఫలానా ఆఫీసునుంచి వచ్చానని చెప్పగానే అవ్వ లేచి నిలబడింది.

"ఏం బిడ్డా, నా బర్రెలకు రెండేసి పొదుగులున్నయా? కొట్టంలకు రా, జెర చూసి చెప్పు. నన్ను దొంగన్నోడు ఎవడు? వాణ్ని తీస్కరా, నా ముందల అనమను."

దుకాణం నడిపే ఆమెను ఊరంతా వదినా అనే పిలుస్తుంది; ఆ వదిన నన్ను లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది. ఆమె ఫోన్ చూపించాకే నాకు సంగతి అర్థమైంది. ఊళ్లో పాలు పోసే ఆడవాళ్లందరి పాల లెక్కల మెసేజులూ ఆ ఒక్క ఫోనుకే వస్తాయి.

"మొగోళ్లు పనులకు పోతే ఫోన్లు గూడ వాళ్ల జేబులల్లనే పోతయి" అంది వదిన. "గందుకే అందరం నా నంబరే రాయించినం. పొద్దుగూకాల మెసేజులు రాంగనే అందరి ముందల సదువుత. ఎవల పాలల్ల వెన్న ఎంతున్నదో అందరికీ ఎరుకైతది."

వెన్న తగ్గినవాళ్లకు ఆ సాయంత్రం మూడిందన్నమాటే. "ఏందే, నీ బర్రె చెరువంత తాగొచ్చిందా?" అని అందరూ ఆడుకుంటారట. చెప్తూ చెప్తూ వదినే నవ్వింది. తలా ఒక నంబరు ఇవ్వరాదా అని నేనడిగాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఎందుకియ్యాలె? చెవుల చెప్తే అనుమానం. నలుగుర్ల సదివితే లొల్లి లేదు. మీ కంప్యూటర్‌కు మా పద్ధతి తెల్వకపోతే దాన్ని మార్చుకోండ్రి, మమ్ముల గాదు."

ఇందులో తిరకాసు ఇది. మా కంప్యూటర్‌లో రెండు టేబుళ్లు, అంటే పట్టికలు, ఉన్నాయి. ఒకదాంట్లో మనుషులు, ఇంకోదాంట్లో పాలు. ఏ పాలు ఎవరివో తెలియాలంటే రెండింటినీ ఏదో ఒకదానితో ముడివేయాలి. హైదరాబాద్‌వాళ్లు ఈమధ్య ఫోను నంబరుతో ముడివేశారు. ఒక నంబరుకు ఒకే మనిషి ఉండాలి గనక, అదే నంబరున్న మిగతావాళ్లను నకళ్లనుకుని తీసిపారేశారు. ఆ ఊళ్లో మొదట చేరింది అవ్వ. అందుకని ఆమె పేరొక్కటే మిగిలింది, ఊరి పాలన్నీ ఆమె నెత్తినపడ్డాయి. ప్రతి మనిషికీ కంపెనీ ఇచ్చిన పాల కార్డుంది, దానికి వేరే నంబరుంది. పాలు పోసినప్పుడల్లా అది ఎక్కుతూనే ఉంది. దాన్ని ఎవరూ వాడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముడి తప్పువేసి ముసలమ్మను దొంగను చేశారు.

ఆఫీసుకు వచ్చి పెద్దసారుకు ఫోన్ చేశాను. కార్డు నంబరుతో ముడివేస్తానన్నాను.

"ఏమ్మా, ఈ టేబుళ్లూ లింకులూ కలిపిన మోడల్ అందరూ వాడుకునేది. అన్ని జిల్లాల రిపోర్టులూ దానిమీదే నడుస్తున్నాయి. ఒక్క లింకు కదిపితే అన్నీ కదులుతాయి. ఆ ఊరివాళ్లనే తలా ఒక సిమ్ కొనుక్కోమను."

"కదలనియ్యండి సార్. తప్పు మీద నిలబడ్డవి కదిలితేనే మంచిది."

"నువ్వు ముట్టుకోవద్దు" అని ఫోన్ పెట్టేశారు.

నేను ముట్టుకున్నాను. దొంగచాటుగా కాదు. ఏం మారుస్తున్నానో, ఎందుకు మారుస్తున్నానో అందరికీ మెయిల్ పెట్టి, పట్టపగలు మార్చాను. తీసిపారేసినవాళ్లందరినీ వెనక్కి తెచ్చి కార్డు నంబరుతో ముడివేశాను. ఆ పల్లె ఆడవాళ్లు ఒక్కొక్కరే స్క్రీన్ మీదికి వచ్చారు. బీర్కూర్ వైపు కూడా ఇలాగే మాయమైనవాళ్లు ఎంతోమంది పైకి తేలారు. చూస్తుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి, అబద్ధం ఎందుకు!

మర్నాడు వీడియో మీటింగు. ఒక్కో రైతు సగటున ఇన్ని పాలు పోస్తున్నాడని పెద్దసారు యజమానులకు గొప్పగా చూపించుకునే లెక్క పడిపోయింది. రైతులు పెరిగితే సగటు పడిపోదా మరి! అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, అందరి ముందూ నామీద విరుచుకుపడ్డారు. ఆయన స్క్రీన్ మీద మోడల్ తెరిచి, నా మౌస్‌తో దాన్ని మార్చేలా నాకు కంట్రోల్ ఇచ్చారు.

"పాత లింకు పెట్టు. ఇప్పుడే."

"తప్పని తెలిసి నేను పెట్టను సార్. పెట్టే హక్కు మీకూ ఉంది, మీరే పెట్టండి. పెట్టేముందు ఆ అవ్వ దొంగ అని ఇంతమందిలో ఒక్కసారి అనండి."

ఆయన కంట్రోల్ వెనక్కి తీసుకున్నారు. రెండు టేబుళ్లను ముడివేసే గీత మీద ఆయన మౌస్ బాణం గుర్తు కాసేపు తచ్చాడింది. ఆయన నొక్కలేదు. వేరే పనుందని మీటింగు ముగించారు.

ఆ మధ్యాహ్నమే మోడల్‌ను మార్చే హక్కు నా దగ్గర తీసేసుకున్నారు. తీసుకోనీ! ఇక పాత లింకు పెట్టమని నన్నెవరు బెదిరించినా నా చేతిలో ఏమీ లేదు.

రిపోర్టులో అవ్వ పేరు మీది ఎరుపు పోయింది, రెండోనాడు పాలబండి ఆ ఊరికి పోయింది. అవ్వ అందరికంటే ముందు వచ్చి నిలబడి, క్యాను మూత మీద చెయ్యి పెట్టి, "ముందుగాల నన్ను దొంగన్నోణ్ని పిలువుండ్రి" అందట. బండి వెంట వెళ్లిన సూపర్‌వైజరన్న, కంపెనీ తరఫున తప్పయిందని దండం పెట్టాకే మూత తీసిందట.