కిటికీ పక్క మిషన్‌కు వచ్చిన పేరు

నేను దయ్యాల్ని ఎప్పుడూ నమ్మలేదు. దేవుణ్ణి నమ్మేవాణ్ణి కాబట్టే నమ్మలేదు. ఆదివారం బడిలో పెరిగాను, ఇప్పుడు అదే బడిలో పిల్లలకు వాక్యం చెబుతున్నాను. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉంటారు, తిరిగొచ్చి మనల్ని పలకరించరు. ఇది రాస్తున్నప్పుడు కూడా నా నమ్మకం అదే.

గుంటూరు శివార్లలో, చిలకలూరిపేట రోడ్డు మీద ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పరీక్షల ముందు మిషన్లన్నీ తుడిచి, అన్నీ కొత్తగా ఎక్కించి, పేర్లు పెట్టాలి. ఇదివరకు ఒక్కోదాని ముందు కూర్చుని చేసేవాళ్లం. ఈసారి నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. సిద్ధం చేసిన ఒక మిషన్ నకలును అది నెట్‌వర్క్‌లో అన్నిటికీ పంపుతుంది. పాతదంతా చెరిగిపోతుంది. తర్వాత సీరియల్ నంబరును బట్టి ప్రతిదానికీ పేరు పెడుతుంది. ల్యాబ్ అన్న మాట, పక్కన సీటు అంకె. ఇంకో మాట పెట్టడం దానికి చేతకాదు.

అప్పటికి మా ఇంట్లో నవ్వు లేక చాలా నెలలైంది. ఏడో నెలలో మా పాప ఊపిరి లేకుండా పుట్టింది. సమాధి మీద రాయడానికి పేరేమిటని పాస్టరు గారు అడిగితే, నా భార్య సునీత గోడవైపు తిరిగి పడుకుంది. సమాధి మీది సిలువ పేరు లేకుండానే ఉండిపోయింది. ఆ తర్వాత సునీత ఆరాధనకు రావడం మానేసింది. నేను రెండు మూడు పేర్లు చెప్పి చూశాను. దేనికీ పలకలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ప్రోగ్రాం నడిపించాను. పక్కనే మిరప కల్లాలు, ఘాటుకి కిటికీలన్నీ మూసేశాం. అద్దాల్లోంచి ఎర్రటి వెలుగు గదంతా పరుచుకుంది. తెరలన్నీ ఒకేసారి నల్లబడ్డాయి, ఒకేసారి నీలంగా వెలిగాయి. పైరు మీద గాలి వెళ్లినట్టు వరస వెంట వరస కదిలింది. నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో కాసేపు నాకే తెలియలేదు.

పేర్లు వచ్చాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కిటికీ పక్క మిషన్ మీద మాత్రం, ఇంగ్లీషు అక్షరాల్లో, సెలా అని ఉంది.

ఆ మాట నాకు తెలుసు. కీర్తనల్లో అక్కడక్కడ వస్తుంది. ఆగమని గుర్తు అంటారు, అర్థం కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. సంఘంలో చదివేటప్పుడు పైకి పలకం, దాటి వెళ్లిపోతాం.

నాతో పనిచేసే రమేష్ గారు వంగి చూసి నవ్వారు. "ఏంది సార్, మిషన్లకి కూడా బాప్తిస్మం ఇచ్చేశారా?"

"మీరే ఏదో చేసుంటారు."

"నాకు ఆ మాటే తెలవదండీ. ఒట్టు."

ప్రోగ్రాం మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఆ మాట ఎక్కడా లేదు. సోమవారం లోపు సరిచేద్దామని ఇంటికి వచ్చేశాను.

అన్నం తింటూ, ఆమెను కాస్త నవ్విద్దామని, ఈ సంగతి చెప్పాను. సునీత చేయి కంచంలో ఆగిపోయింది.

"ఆ పేరు మీకెవరు చెప్పారు?"

"పేరా? ఎవరి పేరు?"

"పాపది. కడుపుతో ఉన్నప్పుడు పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదండీ. మీక్కూడా."

కంచం పక్కకు జరిపి మళ్లీ అడిగింది. "ఇంకా ఉందా అక్కడ?"

మర్నాడు మధ్యాహ్నం స్కూటర్ మీద తీసుకెళ్లాను. అంతకుముందు తనెప్పుడూ ఆ ల్యాబ్‌లో అడుగుపెట్టలేదు. కిటికీ పక్కన కూర్చుని, తెర మీద ఒక్కో అక్షరం వేలితో తాకింది. తర్వాత ఆ పేరు పైకి పలికింది, ఎదురుగా ఉన్న బిడ్డను పిలిచినట్టు. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇక మార్చేయండి," అంది. "పేరు ఈ మిషన్‌ది కాదుగా."

ఏమీ దిద్దకుండా అదే ప్రోగ్రాం మళ్లీ నడిపించాను. ఈసారి సీటు అంకెతో మామూలు పేరే వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా అంతే.

ఆదివారం సునీత ఆరాధనకు వచ్చింది. పాప పేరు పాస్టరు గారికి తనే చెప్పింది. జరిగింది విని ఆయన, సంఘం ముందు సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచారు. లేచి నిలబడ్డాను. దేవుడే చేశాడని చెప్పడానికి నోరు తెరిచాను. చూడనిది చూసినట్టు ఎలా చెప్పను? అందరూ నా వైపే చూస్తున్నారు. "మా పాప పేరు సెలా" అని మాత్రం చెప్పి కూర్చున్నాను.

అంతకు మించి నాకు ఈరోజుకీ తెలియదు.