దుప్పటి కింద బొంతలు, పక్కన నా శోకం

మా చెల్లెలి కొడుకు ర్యాప్ పాడతాడు. ఇసుక ట్రాక్టర్ నడిపే కుర్రవాడు దొంగలతో చేరి, చివరికి వాళ్ల చేతుల్లోనే చచ్చిపోయే కథను పాటలుగా కట్టి ఆల్బమ్ చేశాడు. దాన్నే సినిమాగా తీస్తానంటే మెదక్‌లో మా ఇల్లే ఇచ్చాను. వంట నాది. హీరో వాడే, డైరెక్టరూ వాడే.

ఆఖరి రోజు ఒక్క సీను మిగిలింది: వాకిట్లో హీరో శవం, తల్లి ఏడుపు. కిరాయి కెమెరా సాయంత్రానికి తూప్రాన్ పంపెయ్యాలి. ఈ సీను లేకపోతే సినిమాకు ముగింపే లేదు. తల్లి వేషం వేసిన అమ్మాయికి కన్నీళ్లు వస్తున్నాయి గానీ నోట మాట రావడం లేదు. వాడు తల పట్టుకున్నాడు.

"మూగేడుపు మనకాడ ఎవలేడుస్తర్రా? పోయినోని మంచి జెప్పుకుంట, రాగం దీసి శోకం వెట్టాలె," అన్నాను.

"అయితే తల్లి పక్కన నువ్వు గూసో పెద్దమ్మా. నీ కాల్మొక్త."

శోకం మా అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఒక్క మాట మరిచిపోలేదు. కానీ బతికున్న మనిషి మీద శోకం తీస్తే ఆయుష్షు తగ్గుతుందంటారు.

"ముందుగాల నువ్వు లే బిడ్డా. బొంతలు వెట్టి దుప్పటి గప్పు."

శవం లేచి కెమెరా వెనక నిలబడింది. నేను "కొడుకా, నా సల్లని కొడుకా" అని అందుకున్నాను. అమ్మాయి నా భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది. అంతలో పక్కింటి వదిన కొంగు నోట్లో కుక్కుకుని పరుగెత్తుకొచ్చింది, వెనకాల వాడకట్టు ఆడవాళ్లంతా. శోకం వినబడితే మా దగ్గర ముందు మెడ మీద పడి ఏడుస్తారు, ఎవరు పోయారని అడగడం తరువాత. అందరూ నా మెడ మీద పడ్డారు. నవ్వు ఆపుకుని శోకం సాగించాను. మావాడు కట్ అనలేదు.

వదిన ఆఖరి చూపుకని దుప్పటి ఎత్తింది.

"ఓ నీ పాడుగాను! బొంతలు సచ్చినయా నీకు?" అని నా వీపు మీద ఒక్కటిచ్చి, మావాడి వైపు తిరిగింది. "నేను కెమెరల సక్కగ వడ్డనారా?"

"మస్తు వడ్డవ్ అత్తమ్మా!"

అందరూ పోయాక వాడు ఆ సీను రెండుసార్లు చూసుకున్నాడు. దాని మీద వేయాలనుకున్న పాట తీసేస్తానన్నాడు. "నీ శోకం ముందర నా పాట నిలవదు."

"పిచ్చోడా, శోకంల ఊపిరి దీసుకునే జాగలుంటయ్. గాడ వెట్టు నీ మాటలు."

అలాగే పెట్టాడు. సినిమా చివర నేను ఊపిరి పీల్చిన ప్రతిచోటా చచ్చిపోయినవాడు మాట్లాడతాడు.