బసవయ్య బోర్డులో ఒక్క అక్షరం

బాన్సువాడ బస్టాండు ఎదురుగా ఏ దుకాణం బోర్డు చూసినా కింద మూలన చిన్నగా 'బస్వ' అని ఉండేది. బసవయ్యకు తన పేరు పూర్తిగా రాసుకునేంత ఓపిక లేదు. అసలా మనిషికి దేనికీ ఓపిక లేదు. ఒక బోర్డు ఆరకముందే ఇంకో బోర్డుకు నిచ్చెన వేసేవాడు. చాయ్ చల్లారనివ్వకుండా తాగి నాలుక కాల్చుకునేవాడు. ఉర్దూ రాసేటప్పుడు మాత్రం నిదానించేవాడు. నిజాం కాలపు బడిలో చదివినవాడు, ఆ అక్షరాల ఒంపులంటే ప్రాణం. ఊళ్లో ఉర్దూ బోర్డు కావాలంటే ముస్లింలు కూడా ఆయన్నే పిలిచేవాళ్లు. ఆ సంగతి రోజుకొక్కరికైనా చెప్పకపోతే ఆయనకు తిన్నది అరిగేది కాదు.

తొంభై నాలుగు చలికాలంలో ఒక సాయంత్రం రేడియోలో ఉర్దూ వార్తలు వింటూ ఎగిరి లేచాడు. ఎక్కడో అఫ్గానిస్తాన్‌లో కాందహార్ అనే పట్నాన్ని 'తాలిబాన్' పట్టుకున్నారట. తాలిబ్ అంటే విద్యార్థి, తాలిబాన్ అంటే విద్యార్థులు. ఇంకేముంది, మర్నాడు గంగయ్య హోటల్లో ఆయన్ని పట్టేవాళ్లు లేరు.

"చదువుకునే పోరగాండ్లన్నా! దారి పొంటి వసూళ్లు గుంజేటోళ్లను తరిమికొట్టిండ్రట. అరవై తొమ్మిదిల తెలంగాణ కోసం మన పోరగాండ్లు రోడ్డెక్కలే? గట్లనే."

"పోరగాండ్లకు తుపాకులెక్కడియి బావా?" అన్నాడు గంగయ్య. హోటలూ, దాని వెనక గదులూ ఆయనవే.

"గవన్నీ నీకెందుకు? మాటకు అర్థం చూడు."

మాట అర్థం తెలిస్తే మనుషులు తెలిసిపోయినట్టేనని బసవయ్య నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఆ నెలలోనే ఖమరున్నీసా గంగయ్య వెనక గది కిరాయికి తీసుకుంది. భర్త పోయిన మనిషి. బడి మొహం చూడని పిల్లలను పోగేసి ఉర్దూ, తెలుగు, లెక్కలు చెప్పాలని ఆమె పట్టుదల. "ట్యూషన్ సెంటర్ అని రాయండి చాచా, చాలు" అంది. ఈయన వింటేనా! "గింత సాదా పేరా బిడ్డా?" అని పైన ఉర్దూలో, కింద తెలుగులో 'తాలిబానే ఇల్మ్' అని రాసిపెట్టాడు. చదువు కోరి వచ్చినవాళ్లు అని అర్థం. ఆమెకూ నచ్చింది.

రెండేళ్లకు ఆ విద్యార్థులు కాబూల్ పట్టుకున్నారు. పట్టుకున్న మర్నాడే ఆడపిల్లల బడులు మూయించారు. ఆ వార్త విని బసవయ్య రేడియో కట్టేశాడు, మళ్లీ పెట్టాడు, తప్పు విన్నానేమోనని. తప్పు వినలేదు. బజారులో ఖమరున్నీసా ఎదురైంది.

"చాచా, మీ విద్యార్థులు బడులు మూసిండ్రట, విన్నరా?"

"కొన్ని దినాలకు తెరుస్తరేమో బిడ్డా" అని గొణిగాడు.

తెరవలేదు. ఏటికేడు వార్తలు ఇంకా పాడయ్యాయి. పాటలు వద్దన్నారు, ఆడవాళ్లు గడప దాటొద్దన్నారు, కొండలో చెక్కిన బుద్ధ విగ్రహాలను పేల్చేశారు. హోటల్లో బసవయ్య నోరు మూతపడింది. ఆ గల్లీ మీదుగా పోవాల్సి వస్తే చుట్టు తిరిగిపోయేవాడు. ఎన్నోసార్లు ఆ బోర్డు దిద్దుదామని రంగు డబ్బా పట్టుకుని బయల్దేరి సగం దారిలోనే వెనక్కి తిరిగాడు. ఎందుకు దిద్దుతున్నారని ఆమె అడిగితే చెప్పడానికి సిగ్గు.

రెండువేల ఒకటిలో అమెరికాలో ఆ విమానాలు కూలాక తాలిబాన్ అనే మాట ప్రతి టీవీలోనూ మోగింది. ఒక పొద్దున పోలీసాయన వచ్చి బోర్డు పేరు రాసుకున్నాడు, ఎవరెవరు వస్తారని టీచరమ్మను గంటసేపు అడిగాడు. అప్పటికి మగపిల్లలంతా ఇంగ్లీషు బడులకు పోయారు. ఉన్నది ఇరవై ఇద్దరు ఆడపిల్లలు. గంగయ్యకు గుండె జారింది. "శుక్రవారం లోపల బోర్డు దించు, లేకుంటే గది ఖాళీ చెయ్యమ్మా" అన్నాడు.

"దించను" అంది ఖమరున్నీసా. "ఏడేండ్ల సంది ఉన్నది ఇయ్యాల దించితే, ఏదో దాచిపెట్టినట్టే గద! చదువు చెప్పిన. తప్పేం చేసిన?"

ఆ వారమే కాబూల్ చేజారి వాళ్లు పారిపోతున్నారని హోటల్ టీవీలో చూపించారు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లు పోయారు సరే, ఆ పేరు మాత్రం ఇక్కడ ఆమె గుమ్మం మీదే ఉందనుకున్నాడు బసవయ్య. "గా పేరు పెట్టింది నేనే" అన్నాడు పైకే. టీవీ చప్పుడులో ఎవరూ వినలేదు.

గురువారం పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు.

"దించనీకి వచ్చినరా చాచా?" అంది ఆమె కోపంగా.

"లేదు బిడ్డా. తప్పు దిద్దనీకి."

ఉర్దూలో తాలిబాన్ చివర 'నూన్' అనే అక్షరం ఉంటుంది, లోతైన గిన్నె ఆకారం, దానికొక చుక్క. ఆ గిన్నెను పల్లెం చేసి మీద రెండు చుక్కలు పెడితే 'తే' అవుతుంది. తాలిబాన్ కాస్తా తాలిబాత్. కుంచెకు రంగెక్కువై మొదటి చుక్క కారింది. తువ్వాలతో తుడిచి మళ్లీ పెట్టాడు. కింద తెలుగులో 'నే' చెరిపి 'తే' దిద్దాడు. ఖమరున్నీసా పెదవులు కదుపుతూ చదివింది, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఉండనియ్యండి" అంది.

గంగయ్య వచ్చి తెలుగు వరస చదువుకున్నాడు. "ఒక్క అక్షరానికా బావా గింత లొల్లి?"

"ఒక్కదానికే" అన్నాడు బసవయ్య.

గది నిలిచింది. కానీ సోమవారం వచ్చింది తొమ్మిదిమందే. మిగతా ఇళ్లల్లో భయం పోలేదు. బోర్డు దిద్దితే సరిపోదని బసవయ్యకు అప్పుడు తెలిసింది. ఏడేళ్ల కింద హోటల్లో అంత వాగిన నోరు ఇప్పుడు ఇంటింటికీ పోవాలి.

మొదట దూదేకుల మస్తానమ్మ ఇంటికి వెళ్లాడు. పరుపులు కుట్టే మనిషి, ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ రాదు. ఆమె కూతురు తలుపు చాటున నిలబడి ఉంది.

"నా పోరిని తోలియ్య బసవన్నా. గది పేరు మంచిది కాదంటున్నరు."

"పేరు నేను పెట్టిన, తప్పు నాది. మార్చిన. ఇప్పుడు తాలిబాత్."

"అంటే ఏంది?"

"చదువుకునే ఆడిపిల్లలు అక్కా. నీ బిడ్డ."

మస్తానమ్మ చేతిలో సూది ఆగింది.

"ఆ గదిల ఆడిపిల్లలు మొదటిసంది ఉన్నరు గద. మరి గప్పుడే గట్ల ఎందుకు రాయకపోయినవ్?"

ఆమె లేచి, కొయ్యకున్న పుస్తకాల సంచి తీసి కూతురి చేతిలో పెట్టింది.