రీలు కడగాలి

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలం అనుకునేరు, మొన్న మొన్నటి మాటే. ఫోనులో వేల ఫోటోలుండి ఒక్కటీ తీసి చూడని రోజులు. మా ఇంటా వంటా లేని డిగ్రీ నాకొచ్చిందన్న సంబరంతో ఎవరు కనిపిస్తే వాళ్లకి చెప్పేసేదాన్ని. (చోడవరం బస్సులో కండక్టరుకీ చెప్పాను. "అయితే ఏటమ్మా, లోపలికి జరుగు" అన్నాడు.) ఆ సంబరం చూసి, ఒకప్పుడు స్టూడియో నడిపిన మా మావయ్య తన పాత రీలు కెమెరా నా చేతిలో పెట్టాడు. రీలుకి ముప్ఫై ఆరే బొమ్మలు. నొక్కేముందు ఊపిరి బిగబట్టి, వెలుతురు చూసుకుని, ఎదుటి మనిషిని నిజంగా చూడాలి. అంత ఆనందం ఫోనుతో ఎప్పుడూ ఎరగను.

చివరి బొమ్మ నాన్నది. ఫోటో అంటే చెరకుతోటలోకి పారిపోయే మనిషి, పట్టా పుచ్చుకోవడానికి నేను అద్దెకి తెచ్చిన నల్లగౌను తనంతట తానే పంచెమీద తొడుక్కుని, "ఏటే గుంటా, నాను బియ్యే పాసైపోయినట్టున్నానా?" అని నవ్వేశాడు. నాన్న పళ్లు కనబడేలా నవ్విన ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. నొక్కాను. అమ్మ పరిగెత్తుకొచ్చి "ఏదీ, సూపించు" అంది. "ఇప్పుడే రాదమ్మా, రీలు కడగాలి. కడిగితేనే బొమ్మ తేలుతుంది" అన్నాను పండితురాలిలా. రీలు తీసి గూట్లో పెట్టి, గౌను తిరిగిచ్చేయడానికి విశాఖపట్నం వెళ్లాను.

సాయంత్రం వచ్చేసరికి రీలు, నాన్న బనీన్ల పక్కన, దండెం మీద ఆరుతోంది.

"సబ్బెట్టనేదే, బొమ్మ పాడైపోద్దని. కుంకుడు రసంతో కడిగేను. డబ్బీలోంచి అంతా లాగి ఎంత రుద్దినా మీ నాన్న రానేదు" అంది అమ్మ, తప్పు తన చేతులదేనేమో అన్నట్టు. (వెలుతురు తగిలితే చాలు రీలు చచ్చిపోతుందనీ, కడగడమంటే చీకటిగదిలో మందునీళ్లతో అనీ చెప్పింది ఎవరు గనక!) నేను మాత్రం "చదువు రానిదానివి, ముట్టుకోమని నీకెవరు చెప్పారు?" అని అరిచాను.

ఆ మాట నాన్న విన్నాడు. "నువ్వు కడగాలన్నావు, అది కడిగింది. సదివినదానివి, ఆ మాటకి అర్థం నువ్వు సెప్పాల. మీ అమ్మనంటావేటి?" అన్నాడు. ఇంకో రీలు వేసి, మళ్లీ ఒక్కసారి నవ్వమని బతిమాలితే, "ఒద్దులే తల్లీ. మా ఇంట్లో కడగడం ఎవలికీ రాదు" అని తోటకి పోయాడు.

ఇప్పుడు రీళ్లు నేనే కడుగుతాను. చక్కగా వస్తాయి. వాటిల్లో నాన్నది ఎప్పుడూ వీపే. అమ్మ మాత్రం ఆరేసిన రీలు చూడ్డానికి వస్తుంది, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. "పట్టుకుని చూడమ్మా" అంటే "దూరానికే బాగుందిలే" అంటుంది. ఆనాటి పట్టభద్రురాలు గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది. నవ్వుతూనే ఆ చేతుల్ని ఫోటో తీద్దామనుకుంటాను. అడగడానికే నోరు రాదు.