మూత లేని పది రోజులు

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే, వాటికి రేషన్ కార్డుందా అని అడిగే రకం నేను. ఇప్పటికీ అడుగుతాను. కాకపోతే అడిగాక మునుపటిలా నవ్వు రావడం లేదు.

మేముండేది కలకత్తా గార్డెన్ రీచ్‌లో, పోర్టు క్వార్టర్స్‌లో. మా పై అంతస్తులో సింహాచలం మావయ్య ఉండేవాడు. చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి డాకులో క్రేను నడిపే మనిషి. ఆ లెక్కన క్వార్టర్స్‌లో సగం మంది నాకు మావయ్యలే. ఆయన భార్య పైడమ్మత్త పోయి అప్పటికి ఏడాది. పిల్లల్లేరు. ఇంట్లో ఆయన కాక మిగిలిన ప్రాణాలు రెండు గోల్డ్ ఫిష్‌లు.

ఆ చేపలూ, వాటి అద్దాల తొట్టీ అత్తవి. అందులో నీళ్ళు ఆవిరైపోకుండా చూడటం ఆవిడకో వ్రతం. మొదట్లో మూత లేనప్పుడు రోజుకో మగ్గు తగ్గేవట. బెంగాలీ పేపరు కప్పి చూస్తే అది తడిసి చేపల మీద పడింది. చివరికి ఖిదిర్‌పూర్‌లో ఫోటోలకు ఫ్రేములు కట్టే బెంగాలీ దాదా దగ్గర పల్చటి అద్దం కోయించింది, గాలి గొట్టం దూరడానికి ఒక మూల నొక్కు పెట్టించి. అప్పట్నుంచి వారానికో మగ్గు సరిపోయేది. నీళ్ళెంతవరకు ఉండాలో గుర్తుగా, తొట్టికి బయట దెబ్బలకేసే ప్లాస్టర్ ముక్క అంటించింది.

ఆ భాద్రపదంలో మావయ్య తమ్ముడితో పొలం పంపకాలున్నాయని పదిహేను రోజులు ఊరెళ్తూ తాళంచెవి నాకిచ్చాడు. రెండోది ఆయన మొలతాడుకే ఉంది. తొట్టిలో పోయడానికి బకెట్ నిండా నీళ్ళు పట్టి నిలవుంచాడు.

"ఇయి మీ అత్తవిరా. నాను లేనప్పుడు ఈటికేటీ అవకూడదు," అన్నాడు. ఓడలోంచి లారీలు దించేటప్పుడు కూడా ఆయన గొంతు అలా వణికి ఉండదు.

నాలుగు రోజులు బుద్ధిగా వెళ్ళాను. తర్వాత విశ్వకర్మ పూజ దగ్గరపడింది. కలకత్తాలో ఆ పూజంటే మేడల మీద గాలిపటాల యుద్ధం. దారానికి మాంజా పట్టించాలంటే గాజుపొడి కావాలి. మామూలుగా మాడిపోయిన ట్యూబ్‌లైట్లు నూరేవాళ్ళం. ఆ ఏడాది ఒక్కటీ దొరకలేదు. తొట్టి మీద మూత మాత్రం కళ్ళెదురుగా ఉంది.

చేపలకి రెక్కలు లేవు కదా, ఎగిరిపోవులే అనుకున్నాను. అద్దాన్ని గుడ్డలో చుట్టి దంచాను.

బయట వాన. అందుకని మాంజా దారాన్ని మావయ్య గదిలోనే కిటికీ ఊచకీ తలుపు గొళ్ళానికీ కట్టి, ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి ఆరబెట్టాను. దారం చుట్టుకునే వేళకి లోడ్ షెడ్డింగ్, కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగే ఉంది కాబట్టి స్విచ్ సంగతి గుర్తు రాలేదు. తాళం వేసుకుని వచ్చేశాను.

ఆ మాంజాతో ఏడు గాలిపటాలు కోశాను. నా చూపుడు వేలు కూడా.

తర్వాత పైకి వెళ్ళలేదు. మొదట బద్ధకం. పూజ అయ్యాక భయం. మూత లేకపోతే రోజుకో మగ్గు అన్న లెక్క గుర్తొచ్చేది. ఒక్కో రోజు వెళ్ళకపోవడం మర్నాటి వెళ్ళడాన్ని ఇంకాస్త బరువు చేసేది. మధ్యలో ఒకరోజు బంద్. మేడ మెట్లకి కూడా బంద్ వర్తిస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను.

మావయ్య రేపొస్తాడనగా, మధ్యాహ్నం, చచ్చిన చేపల్ని చుట్టడానికి పాత పేపరు పట్టుకుని వెళ్ళాను. తాళం వేసినట్టే ఉంది. తలుపు తీస్తే పైన ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. పది రోజులుగా.

తొట్టిలో నీళ్ళు సరిగ్గా ప్లాస్టర్ ముక్క దాకా ఉన్నాయి. చేపలు రెండూ అద్దానికి మూతులానించి, తిండేదీ అన్నట్టు నన్ను చూశాయి.

బకెట్ ఖాళీ. అడుగు కూడా ఎండిపోయింది. అందులో మగ్గు బోర్లించి ఉంది.

నేను పడిపోలేదు, అరవలేదు. స్టూలెక్కి కప్పు చూశాను. చెమ్మ లేదు. కిటికీ గడియ వేసే ఉంది. నేల మీద పది రోజుల దుమ్ము, దాని మీద అప్పుడే పడ్డ నా చెప్పుల గుర్తులు. మూతలేని తొట్టి తగ్గకుండా, బకెట్ మాత్రం ఆవిరైపోయిందంటే మా ఫిజిక్స్ మాస్టారు నన్ను బెంచీ ఎక్కించేవాడు.

ఆ సాయంత్రమే ఖిదిర్‌పూర్ వెళ్ళి, అదే దాదా దగ్గర అదే కొలతకి, అదే నొక్కుతో కొత్త అద్దం కోయించి తెచ్చి పెట్టాను. దెయ్యం సంగతి తర్వాత, ముందు సాక్ష్యం మాయం చెయ్యాలి కదా.

మావయ్య వచ్చి సంచీ కూడా దించకుండా తొట్టి ముందు కూర్చున్నాడు. అద్దం బాగా తుడిచినట్టున్నావు, కొత్తదానిలా ఉందన్నాడు. తర్వాత నీళ్ళకేసి చూసి అడిగాడు.

"రోజూ నువ్వే పోసినావా?"

"నేనే పోశాను మావయ్యా."

"మీ అత్తా ఇలాగే, సరిగ్గా ఆ గురుతు కాడికే పోసీది." ప్లాస్టర్ ముక్క మీద వేలు పెట్టి అన్నాడు. "పోయినకాడ్నించి ఓపాలైనా కల్లోకి రాలేదురా. నా మీదేటి కోపమో."

జవాబు నా నాలుక మీదే ఉంది. చెప్పాలంటే మూత గురించి చెప్పాలి, మాంజా గురించి, ఫ్యాన్ గురించి చెప్పాలి. మింగేశాను. ఆయన సంచీలోంచి పలాస జీడిపప్పు పొట్లం తీసి, రోజూ మెట్లెక్కి కష్టపడ్డావని నా చేతిలో పెట్టాడు. అదీ తిన్నాను.

ఆ చలికాలంలోనే మావయ్య పోయాడు, ఆవిడకి తనమీద కోపమనే అనుకుంటూ.

పిల్లినీ, పైపునీ, కలకత్తా తేమనీ, నా బుర్రనీ అన్నింటినీ అనుమానించాను. ఏదీ కుదరలేదు. ఆ నీళ్ళు ఎవరు పోశారో నాకిప్పటికీ తెలీదు. నేను పోయలేదని మాత్రం తెలుసు. ఆ ఒక్క ముక్క వినాల్సిన మనిషి నా ఎదురుగా కూర్చుని అడిగితే, నేనే పోశానన్నాను.